బండి నిండింది.. మనసు అలసింది

ఆర్టీసీ సిబ్బంది నిస్సత్తువకు మందు డ్యూటీ చార్టులోనే

వరంగల్: తెల్లవారుజామున తొలి బస్సు డిపో గేటు దాటింది మొదలు, రాత్రి ఆఖరి బస్సు పల్లెలో నైట్‌హాల్ట్‌కు చేరేవరకు ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రజల జీవనం ఆర్టీసీ చక్రాలతో ముడిపడి ఉంది. వరంగల్, హన్మకొండ, నర్సంపేట, పరకాల, జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఏ డిపోను తీసుకున్నా కళాశాలకు వెళ్లే విద్యార్థిని, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతు, ఎంజీఎం ఆసుపత్రికి బయలుదేరిన రోగి ఎక్కేది ఆ డిపో బస్సే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ తదితర సర్వీసుల్లో ఉచిత ప్రయాణం ఆరంభమైంది. 2025 జులై నాటికి రాష్ట్రవ్యాప్తంగా ఉచిత ప్రయాణాల సంఖ్య 200 కోట్లకు చేరింది. పేద మహిళల బతుకుల్లో ఇది తెచ్చిన వెసులుబాటు నిర్వివాదం. అయితే ఆ 200 కోట్ల ప్రయాణాల బరువును మోసిన డ్రైవర్లు, కండక్టర్ల పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు మాత్రం తగినంత చోటు దక్కలేదు.

సిబ్బంది అలసట ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఖాళీలు భర్తీ చేయాలన్నది ఒకటి, జీతాలు పెంచాలన్నది మరొకటి. రెండూ న్యాయమైనవే. కానీ ఆ రెంటితోనే సమస్య సమసిపోదు. పనిభారం మనిషి ఒంటిని అలసింపజేస్తుంది. ఆ భారాన్ని మోసేవాడి మాటకు విలువ లేకపోవడం, చేసిన మంచికి గుర్తింపు లేకపోవడం, తోడు నిలిచేవారు కరవవడం మనసును విరిచేస్తాయి. మొదటిదానికి విశ్రాంతితో విరుగుడు దొరుకుతుంది. రెండోదానికి పనిచేసే పద్ధతి మారడమే మార్గం.

అలసట వేరు.. నిస్సత్తువ వేరు

ఒకరోజు కష్టపడి రాత్రి కంటినిండా నిద్రపోతే తీరేది అలసట. సెలవు ముగిసి డ్యూటీకి బయలుదేరే వేళ మళ్లీ గుండె బరువెక్కితే దానికి పేరు వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్న్‌అవుట్’ను వృత్తి సంబంధమైన స్థితిగా నిర్వచించింది. దాన్ని వ్యాధుల కోవలో చేర్చలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సవ్యంగా చక్కదిద్దకపోవడం వల్ల తలెత్తే స్థితిగా పేర్కొంది. దీనికి మూడు లక్షణాలు చెప్పింది. శక్తి పూర్తిగా ఉడిగిపోవడం మొదటిది. చేసే పనిపై విముఖత, వెటకారం పెరిగి మానసికంగా దూరం కావడం రెండోది. తన పని తాను సరిగా చేయగలనన్న నమ్మకం సడలడం మూడోది.

ఈ నిర్వచనంలో గమనించదగిన అంశం ఒకటుంది. లోపాన్ని వెతకవలసింది పనిచోటనే కానీ, పనిచేసేవాడి స్వభావంలో కాదు. బస్సులో విసుక్కునే కండక్టరును చూసి ‘మనిషి మంచివాడు కాదు’ అని తీర్మానించడం సులభం. నిన్నమొన్నటి వరకు పలకరించి టికెట్ కొట్టిన మనిషి ఎందుకు మాట కరకుగా మార్చుకున్నాడని ఆరా తీయడమే కష్టం.

2001లో యూరప్ పరిశోధకులు డెమెరూటీ, బకర్, వారి సహచరులు ఈ అంశాన్ని త్రాసులో తూచినట్లు వివరించారు. ఒక పళ్లెంలో పని కోరే శ్రమ.. అంటే పనిగంటలు, రద్దీ, వేళలు, గొడవలు. మరో పళ్లెంలో ఆ శ్రమను తట్టుకునేందుకు పనిచోట లభించే ఊతం.. అంటే విశ్రాంతి, పై అధికారి అండ, నిర్ణయాల్లో భాగం, న్యాయమైన విచారణ. శ్రమ పెరిగితే నిస్సత్తువ పెరుగుతుంది. ఊతం తగ్గితే పనిలో నిమగ్నత తగ్గుతుంది. శ్రమ పెరుగుతూ, ఊతం తరుగుతూ పోతే రెండు నష్టాలూ ఏకకాలంలో సంభవిస్తాయి. ఆర్టీసీ డిపోల్లో ప్రస్తుతం తూచవలసింది ఈ త్రాసునే.

జనం పెరిగారు.. సమయం పెరగలేదు

పల్లెవెలుగు బస్సులో రెండుమూడు కిలోమీటర్లకో స్టేజీ ఉంటుంది. ఒక స్టేజీ నుంచి మరో స్టేజీకి చేరేలోగా ఎక్కినవారందరికీ టికెట్లు ఇవ్వాలి. ఉచిత ప్రయాణమైనా మహిళలకు గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ ఇవ్వక తప్పదు. ఆ టికెట్ల లెక్క ఆధారంగానే ప్రభుత్వం నుంచి సంస్థకు సొమ్ము రావాలి కాబట్టి ఒక్కటి తప్పినా సంస్థకు నష్టమే. అడుగు తీసి అడుగు వేసే వీలులేని బస్సులో ముందునుంచి వెనక్కు, వెనకనుంచి ముందుకు నడుస్తూ, కార్డులు పరిశీలిస్తూ, చిల్లర సర్దుతూ టిమ్ మిషన్‌పై టికెట్లు కొట్టడం కత్తిమీద సామే.

టికెట్లు పూర్తికాకపోతే బస్సు ఆపాలి. ఆపితే వేళ తప్పుతుంది. ప్రతి స్టేజీలో ఎక్కేవారు, దిగేవారు పెరిగినందున బస్సు నిలిచే వ్యవధీ పెరిగింది. ఆ మేరకు చార్టులోని ప్రయాణ సమయం పెరగకుంటే ఆలస్యమైన ప్రతి నిమిషం సిబ్బంది విశ్రాంతి నుంచే తరుగుతుంది. చివరి స్టేజీలో భోజనానికి దొరకవలసిన అరగంట పది నిమిషాలవుతుంది. వరుసగా ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం ఇవ్వాలని, రోజుకు పని 8 గంటలు మించరాదని, దూరప్రయాణాల వంటి ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే సడలింపు ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ చట్టం విలీనమైంది. 8 గంటల పనిదినం సూత్రం కోడ్‌లోనూ ఉంది. చట్టం ఇచ్చిన విరామాన్ని చార్టు మింగేస్తే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

దీనికి సిబ్బంది కొరత తోడైంది. 2019 సమ్మె నాటికి తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది ఉద్యోగులు ఉండేవారు. 2023 ఆగస్టులో విలీన బిల్లు శాసనసభ ముందుకు వచ్చేనాటికి ఆ సంఖ్య 43,373కు తగ్గింది. పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఏళ్లతరబడి ఖాళీగా ఉండిపోయాయి. 3,035 పోస్టుల భర్తీకి ప్రభుత్వం 2024లో అనుమతించగా, అందులో వెయ్యి డ్రైవరు, 743 శ్రామిక్ పోస్టులకు 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. మనుషులు తగ్గి ప్రయాణికులు పెరిగిన కాలంలో మిగిలిన మార్గం డబుల్ డ్యూటీయే. కొన్ని సర్వీసుల్లో డ్రైవరే టికెట్లు ఇచ్చే టిమ్ డ్యూటీలూ ఉన్నాయి. స్టీరింగ్, సొమ్ము రెండింటి బాధ్యతా ఒక్కరిపైనే మోపడం గోరుచుట్టుపై రోకటిపోటు చందమే.

మనసుకూ మూడు అవసరాలు

ఒంటికి అన్నం, నీరు, నిద్ర ఎలాగో మనసుకూ కొన్ని కనీస అవసరాలు ఉంటాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ దశాబ్దాల పరిశోధనతో ప్రతిపాదించారు. తన పనిపై తనకు కొంతైనా చేతివాటు ఉండటం, తన పని తాను చక్కగా చేయగలనన్న తృప్తి కలగడం, తోటివారితో ఆత్మీయ బంధం ఉండటం.. ఈ మూడూ తీరినచోట మనిషి చెప్పించుకోకుండానే పనిలో లీనమవుతాడు. తీరనిచోట జీతం కోసం మాత్రమే గంటలు లెక్కపెట్టుకుంటాడు. ఆర్టీసీ కొలువును ఈ మూడింటితో పోల్చి చూస్తే చిక్కుముడి ఎక్కడ పడిందో అర్థమవుతుంది.

చేతివాటు సంగతి చూద్దాం. బస్సు నడపడం సహజంగానే వేళలకు కట్టుబడిన పని. డ్రైవరు తన ఇష్టం వచ్చిన వేళకు బయలుదేరలేడు. అందువల్లనే ఏ రూటు, ఏ డ్యూటీ, ఏ వారపు సెలవు అన్న విషయాల్లో అతని మాటకు దక్కే చోటు మరింత విలువైనది. రేపటి డ్యూటీ ఏమిటో ఇవాళ సాయంత్రానికి కానీ తెలియనివాడు బిడ్డ బడి సమావేశానికి, ఇంట్లో శుభకార్యానికి ముందుగా మాట ఇవ్వలేడు. ఇక్కడ బాధించేది గంటల లెక్కకన్నా అనిశ్చితియే.

రెండోది పనిలో తృప్తి. డ్రైవరుకు డీజిల్ మైలేజీ లక్ష్యం, కండక్టరుకు ఆదాయ లక్ష్యం ఉంటాయి. లక్ష్యాలు ఉండటం తప్పు కాదు. పాత ఇంజను, గుంతల రోడ్డు, కిక్కిరిసిన జనం డ్రైవరు చేతిలో లేనివి. వాటి ఫలితానికీ అతడే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తే నైపుణ్యంపై గర్వం నీరుగారుతుంది. ఇరవై ఏళ్లు ప్రమాదం లేకుండా నడిపిన చేతులకు దక్కేదానికన్నా, ఒక నెల మైలేజీ తగ్గినందుకు వచ్చే పిలుపు బిగ్గరగా వినిపిస్తే ఆ కొలమానంలోనే లోపముంది.

కండక్టరు విషయంలో ఇది మరీ సున్నితం. తనిఖీలో టికెట్ లేని ప్రయాణికుడు దొరికితే ఉద్యోగానికే ముప్పన్న భయం ఈ వృత్తిని తరతరాలుగా వెన్నాడుతోంది. ఒక హరియాణా కండక్టరు కేసులో 1977లో తీర్పు ఇస్తూ, శాఖాపరమైన విచారణకు న్యాయస్థానాల్లోని కఠిన సాక్ష్య నియమాలు వర్తించవని, ప్రయాణికుల వాంగ్మూలం తీసుకోనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చేతివాటం చూపేవారిని ఏరివేసే అధికారం సంస్థకు ఉండవలసిందే. నిలబడే చోటు లేని బస్సులో ఒక టికెట్ తప్పడానికీ, సొమ్ము కాజేయడానికీ తేడా చూడవలసిన బాధ్యత కూడా అంతే ఉంది. ఆ తేడా చూడని విచారణ నిజాయతీపరుడికి కలిగించే గాయం జీతం కోతకన్నా లోతైనది.

మూడోది తోడు. డ్రైవరు, కండక్టరు డిపో దాటాక రోజంతా వారిద్దరే. బస్సు ఆగలేదని ఒకరు, సీటు లేదని మరొకరు, చిల్లర లేదని ఇంకొకరు వాదనకు దిగితే సర్దిచెప్పవలసింది వారే. విధుల్లో ఉన్న సిబ్బందిపై దాడులు జరిగిన ఉదంతాలు అనేకం. ఇటువంటి వేళ డిపో నుంచి ‘మేమున్నాం’ అన్న మాట రావడానికీ, ‘ప్రయాణికుడితో గొడవ ఎందుకు పెట్టుకున్నావు’ అన్న ప్రశ్న రావడానికీ నడుమ హస్తిమశకాంతరం ఉంది. మహిళా కండక్టర్లకు చివరి స్టేజీలో మరుగుదొడ్డి కూడా లేని చోట ఒంటరితనం మరో రూపం దాలుస్తుంది. నీళ్లు తాగడం తగ్గించుకుని డ్యూటీ చేయవలసి రావడం ఏ నాగరిక కొలమానానికీ తగదు.

మేడారం చెప్పే పాఠం

భారం ఒక్కటే నిస్సత్తువకు కారణమైతే మేడారం జాతర ముగిసేసరికి ఓరుగల్లు డిపోలన్నీ చతికిలపడాలి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన సమ్మక్క-సారలమ్మ జాతరకు ఆర్టీసీ 6 వేల ప్రత్యేక బస్సులను సిద్ధం చేసింది. రాష్ట్రం నలుమూలల నుంచి వేలమంది సిబ్బంది తరలివచ్చారు. అడవి దారి, దుమ్ము, నిద్రలేమి, అంతులేని వరుసలు.. శ్రమ పళ్లెం ఇంతకన్నా బరువెక్కదు.

అయినా ఆ పని స్వభావం వేరు. అది ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. ఎవరి పని ఏమిటో ముందే నిర్ణయమై ఉంటుంది. ప్రయాణికులను వరుసల్లో నిలిపే ఏర్పాటు, మెకానిక్కులు, అధికారులు అక్కడే ఉంటారు. బస్సు మొరాయిస్తే డ్రైవరు ఒంటరి కాడు. తల్లుల గద్దెల వద్దకు భక్తులను చేరుస్తున్నామన్న ప్రయోజనం కళ్లెదుటే కనిపిస్తుంది. అంటే శ్రమతోపాటు ఊతమూ పెరుగుతుంది. జాతర నాలుగు రోజుల కష్టాన్ని ఆదర్శంగా చూపి ఏడాదంతా అలాగే పనిచేయమనడం అన్యాయం. జాతరలో సమకూర్చగలిగిన అండను మామూలు రోజుల్లో ఎందుకు సమకూర్చలేమన్నదే అసలు ప్రశ్న. ఏడాదంతా జాతర రద్దీయే ఉన్నప్పుడు ఏర్పాట్లు మాత్రం మామూలు రోజులవే ఉంటే కుదరదు.

ఉద్యోగ భద్రత అవసరం.. అదొక్కటే చాలదు

2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్న విషాదాన్ని ఆ రోజులు చూశాయి. ప్రభుత్వంలో విలీనం నాటి ప్రధాన డిమాండు. సమ్మె ముగిశాక డిపోల్లో కార్మిక సంఘాల స్థానంలో సంక్షేమ మండళ్లు వచ్చాయి. నాలుగేళ్లకు 2023 ఆగస్టు 6న విలీన బిల్లు శాసనసభ ఆమోదం పొందింది. 2017 నాటి వేతన సవరణ కింద 21 శాతం ఫిట్‌మెంట్‌ను 2024 మార్చిలో ప్రకటించారు. 2025 మేలో మళ్లీ సమ్మె తలపెట్టారు. చర్చల అనంతరం వాయిదా పడిన ఆ సమ్మె డిమాండ్లలో విలీనం అమలుతోపాటు సంఘాల కార్యకలాపాలకు అనుమతీ ఉంది. జీతం కోసమే అయితే సంఘం ప్రస్తావన అంత బలంగా రాదు. తమ మాట వినిపించే గొంతు కావాలన్నది అందులోని అంతరార్థం.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచే ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న భరోసా చిన్న విషయం కాదు. అప్పులతో సతమతమయ్యే కుటుంబానికి అదే కొండంత అండ. 2025 ఆగస్టు 15న అక్కడ స్త్రీ శక్తి పథకం మొదలైనప్పుడు రద్దీ, టికెట్లు, చార్టు సమయం వంటి ప్రశ్నలు అక్కడి డిపోల ముందూ నిలిచాయి. యజమాని పేరు మారినంత మాత్రాన బస్సులో జనం తగ్గరు, చార్టులో నిమిషాలు పెరగవు. ఉద్యోగ భద్రత పునాది వంటిది. పునాదిపై ఇల్లు కట్టకుండా నివాసం సాధ్యం కాదు.

ప్రైవేటు యజమానుల అద్దె బస్సులు, ఎలక్ట్రిక్ బస్సులు నడిపే డ్రైవర్లకు ఆ పునాదీ లేదు. ఒకే రూటులో, ఒకే రద్దీలో, ఒకే ప్రయాణికులను మోసే ఇద్దరు డ్రైవర్లకు రెండు రకాల కొలువులు. తోటివారితో బంధం బలపడాలంటే ఈ వ్యత్యాసాన్నీ పట్టించుకోవాలి.

ప్రయాణికుడి క్షేమంతో ముడి

ఇది సిబ్బంది సొంత గోడు కాదు. బస్సులో ఉన్నవారందరి క్షేమం స్టీరింగ్ వెనక ఉన్న మనిషి నిద్ర, నిలకడలపై ఆధారపడి ఉంటుంది. ఈ కొలువు ఒంటిపై చూపే ప్రభావం కొత్తగా తెలిసిందీ కాదు. లండన్ బస్సుల సిబ్బంది సహా దాదాపు 31 వేల మంది రవాణా ఉద్యోగులపై జెరీ మోరిస్ బృందం జరిపిన అధ్యయనం 1953లో వెలువడింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లలో, మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా గుండెజబ్బు అధికమని అది తేల్చింది. తెలంగాణ ఆర్టీసీ సైతం 2022లో గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్ పేరిట సిబ్బందికి వైద్య పరీక్షలు జరిపించింది. అభినందనీయమైన చర్య. అయితే పరీక్ష రోగాన్ని కనిపెడుతుంది, రోగానికి దారితీసే చార్టును దిద్దదు.

పని పద్ధతిని దిద్దితే ఫలితం ఉంటుందనడానికి స్వీడన్ రాజధాని స్టాక్‌హోం నిదర్శనం. అక్కడ ఒక బస్సు రూటులో ప్రత్యేక లేన్లు, ప్రయాణికులకు సమాచార ఏర్పాట్లు వంటి మార్పులు చేశారు. ఆ డ్రైవర్లకు దారిలో ఎదురయ్యే చికాకులు తగ్గాయని, రక్తపోటు వంటి ఒత్తిడి సూచికలూ మెరుగుపడ్డాయని 1999లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అక్కడ డ్రైవర్లకు యోగా నేర్పలేదు. వారి దారిని సుగమం చేశారు.

డిపో స్థాయిలోనే పరిష్కారం

కొత్త బస్సులు, కొత్త నియామకాలు హైదరాబాద్‌లో తేలవలసిన విషయాలు. డిపో గడప దాటకుండానే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మహాలక్ష్మి తర్వాతి రద్దీని రూటువారీగా కొలిచి ప్రయాణ సమయాలను సవరించాలి. ఆ కొలతలో ఆ రూటు డ్రైవరు, కండక్టర్లే భాగస్వాములు కావాలి. ఏ స్టేజీలో ఎన్ని నిమిషాలు పోతున్నాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. డ్యూటీ చార్టు కనీసం వారం ముందు నోటీసు బోర్డుపై ఉండాలి. డబుల్ డ్యూటీ చేసినవారికి మరుసటి రోజు విశ్రాంతి తప్పనిసరి కావాలి.

టికెట్ కేసుల్లో ఆ సమయానికి బస్సులో ఎంత రద్దీ ఉందో టిమ్ మిషన్ లెక్కలే చెబుతాయి. సంజాయిషీ కోరేముందు ఆ లెక్కను పరిశీలించాలి. దాడి జరిగిన సిబ్బంది తరఫున పోలీసు స్టేషనుకు డిపో అధికారి స్వయంగా వెళ్లాలి. చివరి స్టేజీల్లో మరుగుదొడ్డి, నైట్‌హాల్ట్ ఊళ్లలో పడుకునే గది గ్రామ పంచాయతీల సహకారంతో సాధ్యమే. ప్రమాదరహిత సేవలకు దక్కే గుర్తింపు ఏడాదికోసారి జరిగే సభకే పరిమితం కారాదు. వీటిలో అత్యధికం కోట్లు అడిగేవి కావు, మనసు పెట్టవలసినవి.

ఉచిత ప్రయాణం పేదింటి మహిళకు ప్రభుత్వం ఇచ్చిన మాట. ఆ మాటను రోజూ నిలబెడుతున్నది బస్సులో నిలబడిన కండక్టరు, స్టీరింగ్ పట్టిన డ్రైవరు. బస్సుకు నిర్ణీత కిలోమీటర్లకు మరమ్మతు తప్పదని ప్రతి డిపోకూ తెలుసు. దాన్ని నడిపే మనిషికీ ఆ నియమం వర్తిస్తుందని గుర్తించనంతకాలం ఎన్ని కొత్త బస్సులు గేటు దాటినా ప్రజా రవాణా గట్టిపడదు. డ్యూటీ చార్టులో సిబ్బంది మాటకు చోటు కల్పించడమే ఆ మరమ్మతుకు తొలి అడుగు.